మూత తీయని నీళ్లు

క్యాతగానచెర్లు దగ్గర సాయంత్రం బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె, సోలార్ ప్యానెళ్ల కింద గడ్డి పీకే పనికి రోజూ పోయి వస్తుందట. సంచిలోంచి ఒక మందు డబ్బా తీసి, "దీని మీద ఏం రాసినారో చదివి చెప్పక్కా" అంది.

"తిన్నది అరగడానికి ఎంజైములు, పేగులకు మంచి బ్యాక్టీరియా. భోజనం తర్వాత ఒకటి వేసుకోవాలి" అన్నాను.

ఆమె నవ్వింది. "ముద్ద తింటే నీళ్లు తాగల్ల. తాగితే లేసి పోవల్ల. ఆడ ఆడోళ్లకి టాయిలెట్టు యాడుండాది? పొద్దుగూకేదాకా మేం ఏమీ తినం, తాగం. ఇంక అరిగేకి లోపల ఏముండాదని?"

"మేస్త్రిని అడగలేదా?"

"అందరం పోయి అడిగినాం. కడుపులు బిగబట్టుకోని చస్తాండామప్పా, టాయిలెట్టు కట్టించు అంటే, తలా ఒక డబ్బా ఇచ్చినాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లకు ఊళ్లు వెలిగించే కరెంటు పుట్టే చోట నాలుగు గోడలు లేపలేరా? మందుల షాపులో అలాంటి డబ్బా కనిపిస్తే ఇప్పటికీ ఆ మంటే.

తన ఊరు కనబడగానే ఆమె సంచిలోంచి నీళ్ల బాటిలు తీసింది. పొద్దున నింపుకున్నది నింపుకున్నట్టే ఉంది. మూత తిప్పి, మధ్యలో ఆపకుండా మొత్తం తాగేసి, దిగిపోయింది.