చెట్టు నిక్కడ

డిగ్రీ చదివే రోజుల్లో, రేడియోలో యువతీయువకుల కార్యక్రమం కోసం వారం వారం బద్వేలు నుంచి కడపకు బస్సెక్కేదాన్ని. ఆ కార్యక్రమం నడిపే సారు కోస్తా మనిషి. మా యాస వింటే ఆయనకు ఒళ్లుమంట. నేను స్క్రిప్టులో ‘ఈడ’ అని రాస్తే చాలు, ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘ఇక్కడ’ అని దిద్దేవారు. పదోసారి దిద్దాక నాకు తిక్క రేగింది.

ఆ వారం వేరుశనగ రైతుల గురించి నేను మాట్లాడాలి, అదీ ప్రత్యక్ష ప్రసారంలో. మైకు ముందు కూర్చుని మహా వినయంగా, “రైతులందరూ చెట్టు నిక్కడలో కూర్చున్నారు” అన్నాను.

బయటికి రాగానే సారు పట్టుకున్నారు. “నిక్కడ ఏంటమ్మా?”

“ఈడ ఇక్కడైతే, నీడ నిక్కడే కదా సార్!”

తర్వాతి వారం రికార్డింగుకని ఇద్దరం మా ఊరి చేలకు పోయాం. మిట్టమధ్యాహ్నం. వేరుశనగ పీకుతున్న ఒకావిడ చెమటలు కక్కుతున్న సారును చూసి, “శానా ఎండగా ఉండాది సార్, పోయి నిక్కడలో కూకోండి” అంది. చేనంతా గొల్లుమంది. రేడియో అందరూ విన్నారన్నమాట.

సారు చుట్టూ చూశారు. కనుచూపు మేరలో చెట్టన్నదే లేదు.

“నిక్కడ యాడుందమ్మా?” అన్నారు నీరసంగా.

“యాడ కాదు సార్,” అన్నాను, “ఎక్కడ.”