డబ్బాలాయన, దుప్పట్ల కుప్ప

గడియారాలు బాగుచేసుకుని బతికే ఆ పెద్దమనిషిని వీధంతా డబ్బాలాయన అంటుంది. ఆయన హాల్లో మనిషెత్తు స్పీకర్ డబ్బాలు రెండున్నాయి మరి. వాటి మధ్యనుంచి వంటింట్లోకి వెళ్లాలంటే భార్య పక్కకి తిరిగి నడవాలి.

అందరికీ ఒక్క ఆంప్లిఫయర్ చాలు, ఈయనకి చాలదు. పాట ఆంప్లిఫయర్ దాకా వెళ్లకముందే క్రాసోవర్ అనే పెట్టె దాన్ని బరువు గొంతు, నడిమి గొంతు, సన్న గొంతు అని విడగొట్టాలి. ఒక్కోదానికి ఒక్కో ఆంప్లిఫయర్ ఊడిగం చేయాలి. ఆపైన ఒక్కో గొంతునీ పెంచి తగ్గించే ఈక్వలైజర్ మీటలు. ఓ మీట వెంట్రుకవాసి పైకి జరపడం, కళ్లు మూసుకుని వినడం, మళ్లీ కిందికి లాగడం. ఏ ఆదివారం చూసినా ఇదే తంతు.

"ఏవండీ, వచ్చే ఆదివారం అన్నయ్య వస్తున్నాడు. విని బాగుందంటే సరే. లేదంటే ఈ డబ్బాలు అటకెక్కాల్సిందే," అంది భార్య.

ఆయన తలెత్తి అటకవైపు చూశాడు. ఆ ఇంట్లో అటకెక్కిందేదీ మళ్లీ దిగిన పాపాన పోలేదు.

ఆదివారం బావగారు వచ్చి సోఫాలో కూర్చున్నారు. పాట మొదలైంది. గిన్నెలు బోర్లించినట్టు ఒకటే గోల.

"బావా, పాడేది మనిషేనా?"

"ఒక్క నిమిషం బావగారూ!" మీటలు జరిపాడు. ఇంకా చెడింది. పోయిన వారం తేనెలా ఉన్న పాటకి ఇవాళ ఏం మాయరోగం?

దిక్కుతోచక చుట్టూ చూశాడు. సోఫా నీలం రంగుది! ఇన్నేళ్లలో ఆ సంగతే తెలియదు. ఎప్పుడు చూసినా ఉతికిన దుప్పట్లు, తువ్వాళ్లు, చొక్కాలు దానిమీద కుప్పగా ఉండేవి. సన్న గొంతుని అవి మింగేస్తుంటే, మింగినంతా ఈయన మీటలతో పెంచుతూ వచ్చాడు. ఇవాళ అన్నయ్య ముందు పరువు కోసం భార్య కుప్పంతా బీరువాలో కుక్కేసింది.

ఆయన ఒక్క ఉదుటున బీరువా తెరిచి దుప్పట్లన్నీ సోఫామీదికి విసిరాడు. సోఫాలో బావగారున్న మాట గుర్తే లేదు.

"అయ్యో, నా పరువు!" అంటూ పరిగెత్తుకొచ్చిన భార్య సగంలో ఆగిపోయింది. పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.

"బాగుంది బావా," అంది కుప్ప.

ఇన్నేళ్లలో ఒక్కనాడూ కూర్చుని వినని భార్య అన్నయ్యని పక్కకి నెట్టి దుప్పట్లమీద కూర్చుంది. ఆయన డబ్బామీద చెయ్యేసి నిమిరాడు.

"అయితే అటకెక్కవు కదూ?"

"ఎక్కవు. కుప్ప కదిలితేనే కదా పాట చెడేది? ఇకమీదట మడతలు పెట్టే పని నాకు లేదు. రేపు మీ చొక్కా ఇందులోనే వెతుక్కోండి," అని ఆవిడ కాళ్లు బారజాపుకుంది. "ఆ పాట మొదట్నుంచీ పెట్టండి."