ఓపీ గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, నన్ను సర్జికల్ వార్డు నుంచి పాదాల ఓపీకి హెడ్ నర్సుగా వేశారు. విజయవాడలో అది ఏ ఆస్పత్రో ఇక్కడ అనవసరం. షుగరు వల్ల పాదాల నరాలు మొద్దుబారినవాళ్లు, కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లు వారానికి రెండు రోజులు ఆ ఓపీకి వచ్చేవారు.

అక్కడి పద్ధతి ఇది. రోగిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమంటాం. నైలాన్ దారం కొసను అరికాలి మీద ఒక్కోచోట, అది కాస్త వంగేదాకా ఆనిస్తాం. తగిలినప్పుడల్లా రోగి "ఆఁ" అనాలి. అనకపోతే అక్కడ స్పర్శ లేదని కేస్ షీట్‌లో గుర్తు పెడతాం. తర్వాత పాదం పైభాగాన వేళ్లు ఆనించి నాడి చూస్తాం. స్పర్శ పోయినవాళ్లకు ఎంసీఆర్ చెప్పులు రాస్తారు, అంటే మెత్తటి రబ్బరు అట్టతో చేసినవి. ఇంట్లో కూడా అవి లేకుండా అడుగు వేయొద్దని చెప్పడం నా పని. గొంతు పోయేలా చెప్పేదాన్ని.

సాంబశివరావు గారు ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద టర్నరు. రోజంతా నిలబడి చేసే పని. రెండు పాదాల్లోనూ స్పర్శ లేదు, కుడిపాదంలో నాడి ఉందా లేదా అన్నట్టుండేది. ఇంట్లో చెప్పులేసుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. దేవుడి గది ఉందని, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని సణిగారు. "అనుకునేవాళ్లు కాళ్లిస్తారా ఏంటి? వేసుకోండి" అని ఆయన భార్య నాగమణి గారే నోరు మూయించారు.

మే మొదటి వారంలో ఆయన మళ్లీ వచ్చారు. మిట్టమధ్యాహ్నం వచ్చినవారు, నా దగ్గరికి వంతు వచ్చేసరికి రెండు దాటింది. పడుకోబెట్టి కుడికాలు ఎత్తాను. అరికాలంతా బొబ్బలు. ఎడమకాలిదీ అంతే. ఆయనేమో కళ్లు మూసుకుని, దారం ఎప్పుడు తగులుతుందా అని బుద్ధిగా ఎదురుచూస్తున్నారు.

నాగమణి గారు చూసి కెవ్వుమన్నారు. "ఏమైందండీ?" అని ఆయన మమ్మల్ని అడిగారు.

కొత్త చెప్పులేవని అడిగాను. బయట స్టాండులో విప్పానన్నారు. "విప్పకూడదంట బాబూ అని సెక్యూరిటీకి చెప్పానండి. బోర్డు చూపించాడు. మీ ఓపీయే కదా, మీరే పెట్టించారేమో అనుకున్నా."

నిజమే. మా గుమ్మం పక్కన 'చెప్పులు బయట విడవవలెను' అని బోర్డు ఉంది. చెప్పుల స్టాండేమో నీడలేని సిమెంటు ఆవరణకు అవతల. రోగులు అక్కడ విప్పి, ఆ ఎండలోనే చీటీ కోసం లైనులో నిలబడి లోపలికి రావాలి. నేల శుభ్రంగా ఉండాలని పెట్టిన రూలట. డాక్టర్లూ మేమూ మాత్రం బూట్లతోనే తిరిగేవాళ్లం. పాదాలు కాపాడే చోటికి ఒట్టి కాళ్లతో రమ్మనే బోర్డు! నెల రోజులు దాని పక్కనుంచే వెళ్లాను, ఒక్కసారీ ఆలోచించలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

డ్రెస్సింగ్ చేసి వార్డులో చేర్చాం. ఆస్పత్రి పాలన చూసే ఆర్ఎంవో గారు నన్ను గదికి పిలిపించారు. జాగ్రత్తలు చెప్పినా రోగి నిర్లక్ష్యంగా ఒట్టి కాళ్లతో నడిచాడని కేస్ షీట్‌లో రాసి సంతకం పెట్టమన్నారు. నిర్లక్ష్యమట! మా మాట విని, మా మీద నమ్మకంతోనే చెప్పులు విప్పిన మనిషిది నిర్లక్ష్యమట! సార్, మీరు బూట్లు విప్పి స్టాండు దగ్గర్నుంచి గుమ్మందాకా నడిచి రండి, అప్పుడు సంతకం పెడతాను అన్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. నేనే వెళ్లి బూట్లు విప్పాను. పది అడుగులు కూడా వేయలేక గంతులేస్తూ నీడకు పరుగెత్తాను.

"ఆస్పత్రి నిబంధన ప్రకారం చెప్పులు విప్పించారు. ఆవరణలో కాళ్లు కాలాయి" అని రాసి సంతకం పెట్టాను. సాయంత్రానికి మెమో వచ్చింది. పైఅధికారితో దురుసుగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఒక్క వాక్యమే ఇచ్చాను: నేను నడిచి చూశాను.

ఎడమకాలు మానింది. కుడికాలికి రక్తం చాలక బొటనవేలు, పక్కవేలు నల్లబడ్డాయి. రెండూ తీసేశారు. పాదం దక్కింది గాని లేత్ దగ్గర నిలబడే పని పోయింది. డిశ్చార్జి రోజున సాంబశివరావు గారు, "నాదే పొరపాటు సిస్టర్, గట్టిగా చెప్పాల్సింది" అన్నారు. ఆయన నన్ను నాలుగు తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

బోర్డు తీయమని ఉత్తర్వు ఎన్నటికీ రాలేదు. నేనే స్టూలెక్కి తీసేశాను. మళ్లీ పెట్టమని ఎవరూ అనలేదు.

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి కొత్త నర్సుకూ ఒకటే చెప్పేదాన్ని. రోగి నిర్లక్ష్యం అని రాసేముందు, అతను వచ్చిన దారిలో అతనిలాగే ఒకసారి నడిచి రా. వచ్చాక కూడా అదే మాట రాయాలనిపిస్తే రాయి.