నేను కొలవని ఐదు చోట్లు

పదకొండేళ్లు ఐదు అంకెలు మోశాను. కాగితం మీద వేలెడు జాగా కూడా తీసుకోని అంకెలు. ఇంట్లో ఈ రోజుకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పడం తేలిక.

నా ఉద్యోగం భూమి లాగే బలాన్ని కొలవడం. కింద గట్టి రాయి ఉంటే భూమి ఒక పిసరు ఎక్కువ లాగుతుంది. రాయి పగిలి మెత్తబడి ఉంటే ఒక పిసరు తక్కువ. ఆ తేడా మనకి తెలియదు, మా మిషనుకి తెలుస్తుంది. వరసగా పది మీటర్లకొకచోట కొలిచి గీత గీస్తే, మెత్తని రాయి మీద ఆ గీత పల్లంగా దిగుతుంది. పల్లం ఇరుకుగా, నిటారుగా ఉంటే ఆ పగుళ్ల రాయి పైపైనే ఉన్నట్టు. వెడల్పుగా పరుచుకుంటే లోతున ఉన్నట్టు. మా కొండల్లో నీళ్లుండేది ఆ పగుళ్లలోనే. బోరు వేయాలా వద్దా అన్నది ఆ గీతని బట్టే తేలుతుంది.

పెదబయలు పైన ఒక గూడెం. మా కొలతల వరస సరిగ్గా ఒక సామ చేను మధ్యలోంచి పోవాలి. చేను పండి కోతకొచ్చింది. చేను గలావిడ సొనాయి గట్టు మీద నిలబడి ఉంది.

"బూట్లిప్పేసి రా బాబూ. కొత్త పండగ అవనేదింకా. దేవుడికి ఎట్టని పంట, బూట్లతో తొక్కకూడదు. ఉత్తికాళ్లతో వత్తే ఏటీ అనం" అంది.

"టైము లేదమ్మా. ఇక్కణ్ణుంచే చూసేస్తాను."

"ఇక్కడ కూకుంటే అక్కడిది తెలిసిపోద్దా?"

"తెలిసిపోతుంది" అన్నాను.

వాన మబ్బు పట్టింది. జలగలున్నాయి. తడిసిన లేసులు ముడిపడి బిగిసిపోయాయి. ఇవన్నీ సాకులు. ఆవిడ నన్ను రావద్దనలేదు, బూట్లు విప్పమంది, అంతే. ఇంత చదువుకుని ఒక కొండ మనిషి చెబితే విప్పడమేమిటి అనిపించిందా? అనిపించింది. రాతి మీద కూర్చుని, చేనుకి ఇటున్న అంకెకీ అటున్న అంకెకీ మధ్య ఐదు అంకెలు పుట్టించాను. ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా, అందంగా.

ఆ అందమే కొంప ముంచింది. గీత పళ్లెంలా పరుచుకుంది. లెక్క వేస్తే పగుళ్ల రాయి బాగా లోతున తేలింది, ఆ దారిన ఎక్కగలిగే చిన్న బోరు రిగ్గుకి అందనంత లోతున. బోరు వేరే గూడేనికి వెళ్లిపోయింది.

పోయినేడు ఇంకో పని మీద అటు వెళ్లాను. ఆడవాళ్లు ఇంకా కింది ఊట నుంచి బిందెలు మోసుకొస్తున్నారు. సొనాయి కోడలు కుంటుతోంది. రెండు వానాకాలాల కింద ఆ దారిలోనే బిందెతో జారిపడిందట. నా ఐదు అంకెలూ ఆ కాలిలో కనిపించాయి. అప్పటిదాకా నేను దాన్ని చిన్న తప్పు అనుకుంటూ వచ్చాను. ఎవరికి చిన్న?

సెలవు పెట్టి, మిషను తీసుకుని మళ్లీ వెళ్లాను. ఈసారీ పంట ఇంకా దేవుడికి పెట్టలేదు. ఎవరూ చెప్పకముందే బూట్లు విప్పాను. ఐదు చోట్లా రెండేసి సార్లు కొలిచాను. బడి వరండాలో కూర్చుని గీత గీస్తే మూడో చోట దబ్బున కింద పడింది. ఇరుకుగా, వికారంగా, బావిలా. అంత వికారమైన గీత, అంత సంతోషం ఇచ్చిన గీత నా సర్వీసులో చూడలేదు. ముప్పై మీటర్ల లోపే పగుళ్ల రాయి!

మరి పాత అంకెలు ఎందుకు తప్పాయని ఆఫీసు అడుగుతుంది. మిషను మీదకి నెట్టేయొచ్చు. పాతది, నోరు లేనిది. రెండు రోజులు అలాగే రాద్దామనుకున్నాను. మూడో రోజు ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. విచారణ ఇంకా నడుస్తోంది. ఏ శిక్ష వేస్తారో తెలియదు.

బోరు మాత్రం వేశారు. ఇరవై ఎనిమిదో మీటరు దగ్గర దుమ్ము ఆగి బురద ఎగిరింది, బురద వెనకే నీళ్లు. గూడెమంతా తడిసింది. నేను ఈల వేశాను. యాభై దాటిన ఆఫీసరు నోట్లో వేళ్లు పెట్టుకుని ఈల వేయడం చూసి పిల్లలు పడీ పడీ నవ్వారు. గెలిచాను అనిపించింది. ఎవరి మీద? ఆ రాతి మీద కూర్చున్నవాడి మీద.

చేతిపంపు బిగించిన రోజు సొనాయికి అంతా చెప్పాను.

"మరి ఆ పొద్దు తెలిసిపోద్దన్నావు కద బాబూ."

"అబద్ధం చెప్పానమ్మా."

కోడలి వైపు ఒకసారి చూసింది. బిందె తెచ్చి పంపు కింద పెట్టి, "అయితే నువ్వే కొట్టు" అంది.

కొట్టాను. బిందె నిండింది, ఇంకోటి పెట్టింది. తర్వాత పక్కింటివి, ఎగువ ఇళ్లవి వరసగా వచ్చాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. పదకొండేళ్లలో నా ఒళ్లు అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. చాలని సొనాయి అనలేదు. నేనూ అడగలేదు, కొడుతూనే ఉన్నాను.