పడవ మునగని నవలలు

అవనిగడ్డ బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ నడిపే సత్యానందానికి పసితనంలోనే చూపు పోయింది. చెవులు మాత్రం పాముచెవులు. ఎవరైనా అద్దాల గదిలో తలుపేసుకుని మాట్లాడినా, పెళ్లి కుదిరిందో తప్పిందో బయట కూర్చుని చెప్పేసేవాడు. వద్దన్నా చెప్పేవాడు, అదొక్కటే అతనితో ఇబ్బంది.

ఆ చెవులకి తిండి కథలు. ఎండకి జనం రాని మధ్యాహ్నం వేళ, రిటైరైన తెలుగు మాస్టారు భుజంగరావు గారు లైబ్రరీ నవల ఒకటి చంకన పెట్టుకుని వచ్చేవారు. తన ఇంట్లోకన్నా బూత్‌లో ఫ్యాను గాలి బాగుంటుందని ఆయన వాదన. బూత్ పెట్టిన కొత్తలో మొదలైన ఆ చదువు ఏళ్ల తరబడి సాగింది. ఆయన చదివితే విలన్ మీద విలన్‌కే అసహ్యం పుట్టేది. అంత బాగా చదివినా, తన పుస్తకం తనే చదువుకోవాలన్న కోరిక సత్యానందానికి లోలోపల ఉండనే ఉంది.

ఇంతలో ఊరి నిండా సెల్‌ఫోన్లు వచ్చిపడ్డాయి. బూత్‌లో ఈగలు తోలుకోవడమే మిగిలింది. సత్యానందం సెల్‌ఫోన్‌ని తిట్టిపోస్తాడనుకుంటే, వెళ్లి తనూ ఒకటి కొనుక్కున్నాడు. పొట్ట కొట్టినదానితోనే పొత్తు పెట్టుకున్నాడని బస్టాండంతా నవ్వింది. అతని లెక్క వేరు. బందరులో చూపులేనివాళ్ల సంఘం వాళ్లు నవలలు చదివించి సీడీల మీద ఇస్తున్నారు. వాటిని ఫోన్ చిప్పులోకి ఎక్కించుకుంటే ఎవరినీ బతిమాలకుండా వినొచ్చు. ఏ బటన్ నొక్కితే ఏం వస్తుందో పైకి చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా వాళ్లే వేసిచ్చారు. అది దొరసానిలా ఇంగ్లీషులో మాట్లాడేది. అతను దానికి కూడా మర్యాదగా "అలాగేనండి" అని బదులిచ్చేవాడు.

మొట్టమొదట తెచ్చుకున్నది తనకి ప్రాణమైన ఓ గోదావరి నవల. మాస్టారి నోట అప్పటికే విన్నాడు. వరదలో పడవ తిరగబడబోయి గట్టెక్కుతుంది, కథానాయిక సుభద్ర ఒడ్డుకి చేరి, చివరికి పెళ్లి చేసుకుంటుంది. ఈసారి ఆ పేజీలు తన బొటనవేలితో తనే తిప్పుకోవాలని ముచ్చటపడ్డాడు.

పక్క సెల్ షాపు మహేష్ నవలని చిప్పులోకి ఎక్కించి ఇచ్చాడు. సత్యానందం ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. మొదటి భాగంలో సుభద్ర గుమ్మడిపాదుకి నీళ్లు పోస్తోంది. ఆ వెంటనే గోదాట్లో మునిగి చచ్చిపోయింది. తర్వాత దినం భోజనాలు. ఆ తర్వాత లేచొచ్చి కొట్లో చీర బేరమాడుతోంది.

చిప్పులో దయ్యాలున్నాయని వెళ్లి మహేష్‌ని పట్టుకున్నాడు. మహేష్ కంప్యూటర్లో చూసి నవ్వాడు. ఫోన్ ఒకటి అయ్యాక పది, పదకొండు వినిపించి, అప్పుడు రెండుకి వస్తోందట. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెల ముందు సున్నాలు పెడితే వరస కుదురుతుందట. పెట్టాడు.

"ఇక బతుకుతుందిలే బాబాయ్," అన్నాడు.

బతకలేదు. వరస కుదిరాక సుభద్ర పదో భాగంలో పద్ధతి ప్రకారం మునిగిపోయింది. సీడీలో చదివినావిడ సొంత పైత్యం కలిపిందని సత్యానందానికి ఒళ్లు మండింది. తన బూత్ నుంచే బందరుకి ఫోన్ కొట్టి, లక్షణమైన పిల్లని అన్యాయంగా చంపేశారని సంఘం వాళ్లని దులిపేశాడు. పాపం, అవతలివాళ్లు ఓపిగ్గా పుస్తకం వెతికి తెచ్చి, ఆ పేజీ ఫోన్లో చదివి వినిపించారు. సుభద్ర అచ్చులోనే పోయింది. సత్యానందం రిసీవర్ పెట్టేశాడు.

అప్పుడు వెలిగింది. ఇన్నేళ్లలో మాస్టారు చదివిన నవలల్లో ఒక్క పడవా మునగలేదు. ఒక్క ప్రాణమూ నీళ్లపాలు కాలేదు. ఏటిలోనైనా, సముద్రంలోనైనా, సమయానికి ఓ దుంగ కొట్టుకొచ్చేది. ఇంతమంది రచయితలకి ఆ దుంగే ఎలా తట్టిందని తనకి అనుమానమైనా రాలేదు. తన తెలివికి తనే నాలుగు అక్షింతలు వేసుకున్నాడు.

మర్నాడు మాస్టారు రాగానే అడిగాడు.

"సుభద్ర పోయిందాండీ?"

కుర్చీ లాక్కుంటున్న చప్పుడు ఆగింది. "పోయింది," అన్నారు మాస్టారు.

"కిందటేడు నవల్లో ఆ లంక రైతు?"

"వాడూ పోయాడు."

"పడవ నడిపే సరంగు కొడుకు?"

"పోయాడు నాయనా."

"వాళ్ల కుక్క?"

"కుక్క నిజంగానే ఈదుకొచ్చింది. దాని జోలికి నేను వెళ్లలేదు."

సత్యానందానికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది. ఎందుకిలా చేశారని నిలదీశాడు. మాస్టారు మొదట్లో ఓసారి వరద ఘట్టం ఉన్నదున్నట్టే మొదలుపెట్టారట.

"చదివేవాడికి నీ మొహం కనపడుతుంది కదయ్యా. అది చూశాక నాకు నోరు రాలేదు."

ఆ మొహానికి కారణం దివిసీమలో ఎవరినడిగినా చెబుతారు. డెబ్భై ఏడు ఉప్పెనలో సత్యానందం తల్లి కొట్టుకుపోయింది. అప్పుడతను గుడివాడలో మేనమామ ఇంట్లో ఉన్నాడు. చూపులేని పిల్లాడు తట్టుకోలేడని, అమ్మకి పనులున్నాయి, వస్తుందని పెద్దవాళ్లు నెలల తరబడి చెప్పారు. నిజం తెలిసేసరికి అందరి ఏడుపులూ అయిపోయాయి. ఏడవడానికి అతనికి తోడు కూడా మిగల్లేదు.

"మాస్టారండీ, నా కళ్లు చూడ్డానికి పనికిరావు గానీ, ఏడవడానికి బాగానే పనిచేస్తాయి," అన్నాడు సత్యానందం. "ఆ పని కూడా వాటికి లేకుండా చేస్తే ఎలాగండి?"

ఇక తన చదువుతో పనిలేదనుకున్నారేమో, మాస్టారు పుస్తకం సర్దుకుని లేచారు. సత్యానందం తడుముకుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కూర్చోబెట్టి, ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన చెవికి అందించి, రెండోది తను పెట్టుకున్నాడు. పదో భాగం వెతికి నొక్కాడు.

సుభద్ర పడవెక్కింది. గాలి లేచింది. పడవ ఓ పక్కకి ఒరిగిందో లేదో, మాస్టారు ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టారు. సత్యానందం చెంపలు తడిసిపోతున్నాయి. తుడుచుకోలేదు.

"కాస్త ఆపవయ్యా," అన్నారు మాస్టారు.

"ఆపనండి," అన్నాడు సత్యానందం, ఆయన చెయ్యి వదలకుండా.