నాహెద్ కూర్చున్న పండగ

కూతురు జనా నాన్నమ్మను “అమ్మా” అనీ, కన్నతల్లిని “నాహెద్” అనీ పిలుస్తుంటే, నాహెద్ ఇన్నేళ్లూ మారుమాట లేకుండా పలికింది. పిల్ల తప్పేం లేదు. తంతా పట్నంలోని ఆ మూడంతస్తుల ఇంట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు, పని పడ్డప్పుడల్లా.

“అత్తమామలతో ఉంటోంది, అదృష్టవంతురాలు. పిల్లను చూసుకునేవాళ్లున్నారు, బోలెడు తీరిక” అని పక్కింటివాళ్లు కుళ్లుకునేవారు. నిజమే. ఆ తీరికలోనే ఆమె పైన తనదీ, కింద అత్తగారిదీ రెండు వంటిళ్లూ చక్కబెట్టేది, మామగారి బట్టలు ఇస్త్రీ చేసేది, ఆడబిడ్డలొస్తే బాతు వండేది. పని తెమిలేసరికి జనా కింద నాన్నమ్మ పక్కలో కథ వింటూ నిద్రపోయి ఉండేది. భర్త ఫత్‌హీ మాత్రం పిల్లను ఒళ్లో పెట్టుకుని ఫుట్‌బాల్ చూసేవాడు. ఆ ఇంట్లో దాన్ని పెంపకం అనేవారు.

ఈద్ ముందు ఇంటింటా కహ్క్ బిస్కెట్లు చేస్తారు. అత్తగారు హాజా దౌలత్, జనా బల్ల దగ్గర కూర్చుని చిన్న పట్టుకారుతో వాటి మీద నగిషీలు నొక్కుతారు. ముచ్చట వాళ్లది. పిండి పిసకడం, ట్రేలు నెత్తిన పెట్టుకుని కాల్పించడానికి వీధి చివరి బేకరీకి మోయడం నాహెద్‌ది.

ఈసారి ట్రే నిండగానే “నాహెద్, ఎత్తు” అంది హాజా.

నాహెద్ ఎత్తలేదు. జనా పక్కన కూర్చుని పట్టుకారు అందుకుంది.

“నాకూ నేర్పవే.”

“నీకు రాదా?” పిల్ల ఆశ్చర్యపోయింది. “ఇలా నొక్కాలి. అంత గట్టిగా కాదు, మొద్దూ.”

“మరి ట్రే ఎవరు మోస్తారు?” అడిగింది హాజా.

“మీ అబ్బాయికీ చేతులున్నాయిగా అత్తయ్యా.”

ఫత్‌హీ మోసుకెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు ఎవరిదో ట్రే తెచ్చాడు. బేకరీలో కలిసిపోకుండా ఎవరి ట్రేకి వాళ్లు గుర్తు పెట్టుకుంటారు. తమ గుర్తు అంచుకు కట్టిన ఎర్ర గుడ్డ అని ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి తెలియదు.

హాజా నవ్వలేదు. “వీణ్ణి నేనెక్కడ పెంచాను? నేను ట్రేలు మోస్తుంటే మా అత్త పెంచింది. ఇన్నాళ్లకి నా వంతు వచ్చిందనుకున్నా.”

“నా వంతు కోసం మనవరాలు పుట్టేదాకా ఆగలేను అత్తయ్యా.”

హాజా చేతుల పిండి దులుపుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. “ఎర్ర గుడ్డరా గాడిదా. మళ్లీ వెళ్లు.”

“నాహెద్, రేపు కూడా కూర్చుంటావా?” అడిగింది జనా.

ఆ ప్రశ్నకు నాహెద్ ఒక్కతే జవాబు చెబితే సరిపోదు. ఇది చదువుతున్న మగవాళ్లారా, ఈ పూట భోజనం కాగానే మీరు లేచి గిన్నెలు తోమండి. మీ ఇల్లాలిని పిల్లల దగ్గర కూర్చోనివ్వండి. ఏది ఎక్కడుంటుందో తెలియదంటారా, అడిగి తెలుసుకోండి.