ఆనందబాబు రేస్ ప్యాడ్లు

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లోని ఒక కంపెనీ ల్యాబ్‌లో బ్రేకులు పరీక్షించడమే ప్రిస్సిల్లా ఉద్యోగం. చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేక్ ప్యాడ్లను బిగించి, వేడెక్కించి, గడ్డకట్టేంత చల్లబరిచి, ఎక్కడ పట్టు వదులుతాయో చూసి రాస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. పుట్టింది నరసాపురంలో. మాట కరుకు. అయినా వాళ్ల తెలుగు చర్చిలో ఎవరి కారు కీచుమన్నా మగవాళ్లు వెళ్లి అడిగేది ఆమెను కాదు, ఆమె భర్త షాలోమ్‌ని. బ్యాంకు డేటాబేసులు చూసుకునే షాలోమ్‌కి తన కారు పెట్రోలు మూత ఎటువైపు ఉందో ప్రతిసారీ దిగి చూసుకుంటేగానీ తెలియదు.

అలా అడిగేవాళ్లలో మొదటివాడు ఆనందబాబు. సాఫ్ట్‌వేర్ మేనేజరు. ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని తిప్పుకోనిచ్చే రేస్ ట్రాక్ ఒకటి ఉంటే, ఆ వేసవిలో రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఆ రెండుసార్లతో నడకే మారిపోయింది. ఆదివారం ప్రార్థనకు కూడా రేసు టోపీతో వచ్చి, గుమ్మం దగ్గర తీసి చంకలో పెట్టుకునేవాడు.

అక్టోబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో అందరికీ కారు చక్రాలు చూపించాడు. “రేస్ ప్యాడ్స్ వేయించా అక్కా. ప్రొఫెషనల్స్ వాడేవి.”

“ట్రాక్‌కి ఎన్నిసార్లు వెళ్లావు?” అంది ప్రిస్సిల్లా.

“రెండు వీకెండ్లు.”

“మిగతా ఏడాదంతా?”

“డైలీ కారు కూడా ఇదే. జ్యోతి డ్యూటీకి తీసుకెళ్తుంది.”

అతని భార్య ప్రేమజ్యోతి నర్సు. తెల్లవారకముందే బయల్దేరాలి.

“అయితే రేపే తీయించెయ్. అవి బాగా వేడెక్కితేగానీ పట్టవు. ట్రాక్ మీద అదేపనిగా బ్రేకు తొక్కుతావు కాబట్టి కాగుతాయి. చలిలో మొదటి సిగ్నల్ దగ్గర అవి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రోడ్డుకి కంపెనీ ఇచ్చిన ప్యాడ్లే ఉంచుకో. ట్రాక్‌కి వెళ్లిన రోజు మార్చుకో.”

“రేస్ కార్నే ఆపేవి మన కార్ని ఆపవా?” ఆనందబాబు నవ్వి షాలోమ్ వైపు తిరిగాడు. “నువ్వేమంటావన్నా?”

“ఆవిడ చెప్పింది కదయ్యా.”

“అక్కది ల్యాబ్ నాలెడ్జ్ అన్నా. రోడ్డు మీద ఫీల్ వేరు.”

ఇలాంటివాడికి రెండోసారి చెప్పడం తనకే అవమానం అనుకుని ప్రిస్సిల్లా తన కారెక్కి వెళ్లిపోయింది. రోజూ ఆ ఎర్ర కారు నడిపేది ప్రేమజ్యోతి అన్న సంగతి ఆ కోపంలో ఆమెకు తట్టలేదు.

జనవరిలో ఒక తెల్లవారుజామున, ఇంటికి కూతవేటు దూరంలోని సిగ్నల్ దగ్గర ప్రేమజ్యోతి బ్రేకు తొక్కింది. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కారు మాత్రం ఆగలేదు. ఎదురుగా బస్సు అడ్డంగా వస్తుంటే స్టీరింగు పక్కకు తిప్పేసింది. కారు ఫుట్‌పాత్ ఎక్కి కరెంటు స్తంభాన్ని గుద్దింది. ఆమె కుడి మణికట్టు విరిగింది.

ఆనందబాబు కనిపించినవాళ్లందరికీ ఒకటే చెప్పాడు. “ఐస్ మీద అలా తొక్కకూడదని ఎన్నిసార్లు చెప్పానో! ఈ దేశం వచ్చి పన్నెండేళ్లయినా జ్యోతికి వింటర్ డ్రైవింగ్ రాలేదు.” ఆ ఆదివారం పాస్టరుగారు కూడా, కారు నడిపే సహోదరీలకు జ్ఞానము దయచేయుమని ప్రార్థించారు. సహోదరుల జ్ఞానం మాట ఎవరూ ఎత్తలేదు.

చర్చి వంటగదిలో ప్రేమజ్యోతి కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “ఐస్ లేదక్కా. రోడ్డు పొడిగా ఉంది. బ్రేకే తొక్కాను. కానీ ఆయన పదే పదే అంటుంటే, భయంలో యాక్సిలరేటర్ తొక్కానేమో అనిపిస్తోంది. ఇంక నేను డ్రైవ్ చెయ్యను.”

ప్రిస్సిల్లాకు ముఖం మీద కొట్టినట్టయింది. “తప్పు నీది కాదే. నాది కూడా ఉంది. ఆ రోజే నీకు ఫోన్ చేసి చెప్పాల్సింది” అంది.

ఫిబ్రవరిలో కారు రిపేరై వచ్చింది. కొత్త బంపరు, పాత రేస్ ప్యాడ్లు. ఆదివారం ఆరాధన, భోజనాలు అయ్యేసరికి కారు మూడు గంటలుగా చలిలో నిలబడి ఉంది. పార్కింగ్‌లో మంచు తోసేసి ఉంది, తారు పొడిగా ఉంది. ప్రిస్సిల్లా సండే స్కూల్ గదిలోంచి పిల్లల ఆటలకు వాడే ఆరెంజ్ కోన్ ఒకటి తెచ్చి ఖాళీ జాగాలో పెట్టింది. దానికి కాస్త ముందు, బ్రేకులు పడితే కారు ఆగాల్సిన చోట సుద్దతో గీత గీసింది.

“ఆనందబాబూ, బ్రేకు ఎలా వెయ్యాలో జ్యోతికి ఒకసారి చూపించు. ముప్ఫై మైళ్ల స్పీడులో వచ్చి, కోన్ దగ్గర తొక్కు.”

అతను సంతోషంగా ఎక్కాడు. మగవాళ్లంతా చేతులు జేబుల్లో పెట్టుకుని వరసగా నిలబడ్డారు. కారు వచ్చింది. కోన్ దగ్గర బ్రేకు పడింది. ఆగకుండా సుద్దగీత దాటింది. ఇంకో రెండు కార్ల పొడవు దాటింది. చివర పోగేసిన మంచు దిబ్బలో ముక్కు పెట్టి ఆగింది.

“ఐస్ ఉంది!” అని అరిచాడు దిగుతూ.

“చెయ్యి పెట్టి చూడు, ఎక్కడుందో” అంది ప్రిస్సిల్లా. అతను నిజంగానే వంగి తారు తడిమాడు. “ఇప్పుడు అటూ ఇటూ పదిహేనుసార్లు గట్టిగా తొక్కుతూ తిప్పు.”

తిప్పాడు. చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. మళ్లీ అదే స్పీడులో వచ్చి అదే కోన్ దగ్గర తొక్కితే, కారు గీతకు ఇవతలే ఆగిపోయింది.

ప్రేమజ్యోతి ముందుకొచ్చింది. “ఇప్పుడు అందరి ముందూ చెప్పండి. నాకు డ్రైవింగ్ రాదా?”

“అదీ... తప్పు ప్యాడ్స్‌ది జ్యోతీ.”

“వాటంతట అవే వచ్చి బిగుసుకున్నాయా?”

ఆనందబాబు తల కిందికి వాలింది. “నాదే తప్పు” అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడుగానీ, అన్నాడు. పాస్టరుగారు తన బూట్ల వంక చూసుకున్నారు.

మర్నాడే మామూలు ప్యాడ్లు వేయించాడు. చెయ్యి నయమయ్యాక ప్రేమజ్యోతి మళ్లీ డ్యూటీకి తనే నడుపుకుంటూ వెళుతోంది. మొదటి వారం ప్రిస్సిల్లా పక్క సీట్లో కూర్చుని వెళ్లింది. ఆ సిగ్నల్ దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కారు నెమ్మదిగా ఆగింది.

ఆనందబాబు మాత్రం చర్చికి కొత్తగా వచ్చినవాళ్లకు ఇప్పుడు ఉపదేశం చేస్తుంటాడు: రోజువారీకి ఒక సెట్టు, ట్రాక్‌కి ఒక సెట్టు, రెండూ కలపకూడదు, తాను చాలా రీసెర్చ్ చేశానని. ప్రిస్సిల్లా పక్కనే టీ తాగుతూ వింటుంది. సరిదిద్దదు. కనీసం చెప్పేది కరెక్టుగానే చెబుతున్నాడు.